మా నాన్న మానిపించాడు

ముప్పై ఏళ్లపాటు నేను ఒకే మాట చెప్పుకుంటూ బతికాను. "నేను టీచర్ని కావలసినవాణ్ణండీ. మా నాన్న చదువు మానిపించి దూది మిషన్ మీద కూర్చోబెట్టాడు." పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో చెప్పాను. టీ కొట్టు దగ్గర చెప్పాను. పెళ్లిచూపుల్లో ఆడపిల్లవాళ్లు ఏం చదివావు బాబూ అని అడిగితే అదే చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లతో కూడా చెప్పాను. విన్నవాళ్లు "అయ్యో పాపం" అనేవాళ్లు. ఆ అయ్యో కోసమే చెబుతున్నానని నాకు నలభై ఎనిమిదో ఏట గానీ తెలిసిరాలేదు.

మేం దూదేకులవాళ్లం. పేరుకి ముస్లిములమే, నమాజూ రంజానూ అన్నీ ఉన్నాయి, కానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తాత విల్లు భుజాన వేసుకుని పొదిలి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి దూది ఏకాడు. మా నాన్న కరెంటు మిషన్ కొని దర్శి రోడ్డు మీద కొట్టు పెట్టాడు. నేను ఆ మిషన్ ముందు కూర్చున్నాను. మా ఇంటి చరిత్ర అంతకంటే ఏమీ లేదు.

కొట్టంటే ఒక్క గది. పైన రేకులు. మిషన్ తిరుగుతున్నంతసేపూ తలుపు మూసి ఉంచాలి, లేకపోతే గాలికి దూదంతా రోడ్డెక్కుతుంది. అదే కారణంతో ఫ్యాను వేయడానికి లేదు, కిటికీ తీయడానికి లేదు. మే నెలలో మా వైపు ఎండ ఎలా ఉంటుందో ఆ రేకుల కింద కూర్చున్నవాడికి తెలుస్తుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, పాత పరుపులోంచి తీసిన గడ్డల దూదిని గుప్పెడు గుప్పెడు మిషన్‌కి అందిస్తుంటే అవతల నుంచి అది నురగలా ఎగిరి గోడకు తగిలి కింద పడుతుంది. కనుబొమల మీద, చెవుల్లో, గడ్డంలో అంతా దూదే. ఇంటికెళ్లి ఎంత తలంటుకున్నా దువ్వెనకి రెండు పోగులు వస్తాయి. ఆ గదిలో కూర్చున్న ప్రతి రోజూ ఎవరో నన్ను ఇందులో పెట్టి తలుపేశారన్నట్టుగానే కూర్చున్నాను.

తలుపేసినవాడు మా నాన్న అని ఊరందరికీ చెప్పాను. ఆయన అక్కడే, కొట్టు బయట బల్ల మీద, ఏకబోయే దూదిలోంచి గింజ పెంకులూ దారప్పోగులూ ఏరుతూ కూర్చునేవాడు. కొట్లో నేను ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆయన చెవిన పడేది. ఒక్కసారి కూడా తలెత్తి "అదేం కాదు" అనలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరెత్తడం లేదని నేను అనుకునేవాణ్ణి. అలా అనుకోవడానికి నాకు హాయిగా ఉండేది.

ఆ మాట నాకు చాలా పనులు చేసిపెట్టింది. ఫోం పరుపులు వచ్చాక మా పని సగానికి పడిపోయింది. మునుపు పత్తి తీతలయ్యాక రైతులు తమ చేలో పత్తి కొంత విడిగా ఉంచుకుని, గింజ తీయించి, కూతురి పెళ్లికని పరుపులు కుట్టించేవాళ్లు. ఇప్పుడు పెళ్లికి మంచంతోపాటు ఫోం పరుపు కూడా షాపులోంచే వచ్చేస్తోంది. మా ఆవిడ ఒకసారి అంది, "ఏవండీ, చీరాల్లో మా అన్నయ్య చీరల షాపులో నమ్మకమైన మనిషి కావాలంటున్నాడు. పోదాం పదండి, కొన్నాళ్లు చూద్దాం." నేను మండిపడ్డాను. "టీచర్ని కావలసినవాణ్ణి, పోయి చీరలు మడతపెట్టమంటావా?" పోనీ ఉన్న పనన్నా మనసు పెట్టి చేశానా అంటే అదీ లేదు. మా నాన్న కుట్టిన పరుపు పదేళ్లయినా ఎక్కడా ముద్ద కట్టేది కాదు. నేను కుట్టింది మూడో ఏడాదికే నడుము కింద గుంట పడి తిరిగి నా దగ్గరికే వచ్చేది. "దూదిలో నాణ్యత లేదండీ" అనేవాణ్ణి. ఈ పని నాది కాదు కాబట్టి బాగా చేయాల్సిన అవసరం కూడా నాకు లేదన్నట్టు ఉండేవాణ్ణి.

మాకు ఒక్కతే కూతురు. నేను కాలేకపోయింది అది కావాలని చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను. ఇంటర్ అయ్యాక ఒంగోల్లో టీచర్ ట్రైనింగ్‌లో చేర్చాను. అది ఎదురు చెప్పలేదు. తలూపింది. నాకు అంతే చాలు.

పోయిన ఏడాది వేసవిలో, కాలేజీలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు కొట్టుకి వచ్చారు. నేను చదువు ఆపేసిన మరుసటేడే ఆయనకు బదిలీ అయింది. ఎక్కడెక్కడో పనిచేసి రిటైరై, మళ్లీ పొదిలికే వచ్చి ఇల్లు తీసుకున్నారు. భార్యకి నడుము నొప్పట. ఫోం పరుపు మానేసి గట్టి దూది పరుపు మీద పడుకోమని డాక్టరు చెప్పాడట.

"దూది మా ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిందిరా. ఎక్కడ మార్చేస్తారోనని దాని భయం. ఏకడం నీ కొట్లోనే ఏకు. కుట్టడం మాత్రం మా ఇంటికొచ్చి దాని కళ్లముందు కుట్టు" అని నవ్వారు.

అప్పుడు మా నాన్న బల్ల మీదే ఉన్నాడు. మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మాస్టారు "బాగున్నావా?" అంటుండగానే "ఆఁ సార్, బాగున్నాను సార్, నీళ్లు తెస్తా" అని వెనక ఇంట్లోకి పోయాడు. నీళ్లు మా ఆవిడ తెచ్చింది. నాన్న మళ్లీ బయటికి రాలేదు. వయసు మీద పడ్డవాడు కదా, ఏదో మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఏకిన దూది మూట సైకిల్ మీద కట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లాను. వసారాలో చాప పరిచి, చారల గుడ్డ సంచిలో దూది నింపి, కర్రతో సర్ది, మూతి కుట్టేసి, దబ్బనం తీసుకుని వరసలు మొదలుపెట్టాను. అమ్మగారు కాసేపు చూసి, దూది తనదేనని నమ్మకం కుదిరి లోపలికెళ్లారు. మాస్టారు కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు.

"పిల్లలెంతమంది రా?"

"ఒక్కతే అమ్మాయి సార్. టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. నేనెటూ కాలేకపోయాను గదా. మీకు తెలుసుగా సార్, నేను టీచర్ని కావలసినవాణ్ణి. మా నాన్న మానిపించబట్టి గానీ..."

ఆయన పేపరు దించారు. "ఎవరు మానిపించారూ?"

"మా నాన్న సార్."

"అదేంట్రా! మీ నాన్న మూడుసార్లు వచ్చాడు కాలేజీకి నాకోసం. స్టాఫ్ రూం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రావయ్యా అంటే రాలేదు. 'మావాడు చదువుకి పోనంటున్నాడు సార్, నా మాట వినట్లేదు, మీరు చెబితే వింటాడు' అన్నాడు. మూడోసారి ఆయన సైకిల్ వెనకే కూర్చుని మీ ఇంటికొచ్చాను. నువ్వు దొడ్డిదారిన పారిపోయావు. మర్చిపోయావా?"

మర్చిపోయానంటే అబద్ధమవుతుంది. మర్చిపోలేదు. ఆ జ్ఞాపకం వచ్చినప్పుడల్లా మొహం తిప్పుకున్నాను, అంతే. అలా తిప్పుకుని తిప్పుకుని, అసలు లేదన్నట్టే అయిపోయింది.

జరిగింది ఇది. పదో తరగతిలో మా ఊరి స్కూల్లో నేనే ఫస్టు. ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకున్నాను. అక్కడ నాకంటే చురుకైనవాళ్లు పదిమంది ఉన్నారు. ఒకరోజు మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయమన్నారు. నాకు వచ్చిన లెక్కే. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. వెనక బెంచీలోంచి ఎవడో "ఒరేయ్, వాడి జుట్టులో దూది చూడరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు కసిరారు గానీ నవ్వు ఆగలేదు. ఆ రోజు నుంచీ నా పేరు దూది. కాలేజీ గేటు కనపడగానే వెనక్కి తిరిగేవాణ్ణి. రెండు వారాలు రోజూ బస్టాండులో కూర్చుని సాయంత్రానికి ఇంటికి పోయాను. చివరికి ఇంట్లో చెప్పేశాను, ఇక చదవను, మిషన్ మీద కూర్చుంటాను అని.

"ఎందుకురా?" అన్నాడు నాన్న.

"నువ్వు దగ్గుతున్నావు గదా. నీకు సాయంగా ఉంటాను."

"నా దగ్గు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పో కాలేజీకి."

నేను పోలేదు. అప్పుడు మా అమ్మ ఊళ్లో లేదు. అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదని రెండు నెలలుగా పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి నేను మూతికి తువ్వాలు కట్టుకుని మిషన్ ముందు ఉన్నాను. "నువ్వేంట్రా ఇక్కడ?" అని అడిగింది. నాన్న పక్కనే ఉన్నాడు. నేను "నాన్న మానిపించాడు" అన్నాను. ఆ మాట మొదటిసారి అన్నది అప్పుడే. నాన్న నా వైపు ఒకసారి చూశాడు. మళ్లీ తల వంచుకుని దూది ఏరుకున్నాడు.

ఇదంతా మాస్టారి వసారాలో, దబ్బనం చేత్తో పట్టుకుని ఉండగా ఒక్కసారిగా మీద పడింది. లేచి వెళ్లిపోదామనిపించింది. కానీ పరుపు సగం కుట్టి ఉంది. అలా వదిలేస్తే దూదంతా ఒక మూలకి జారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లడానికి లేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఇంకా ఏడు వరసలు కుట్టాను. మాస్టారు నా మొహం చూసి ఏం అర్థం చేసుకున్నారో గానీ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. అమ్మగారి నడుము నొప్పి గురించి మాట్లాడారు. టీ ఇచ్చారు. తాగబోయి పంచె మీద ఒలకబోసుకున్నాను. "వేడిగా ఉందా?" అని అడిగారు. "లేద్సార్" అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న బల్ల మీద లేడు, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కుట్టావా?"

"ఆఁ."

"మాస్టారు ఏమన్నా అన్నాడా?"

"ఏం లేదు" అన్నాను. మళ్లీ అబద్ధమే.

ఆ తర్వాత నెలల తరబడి నాకు ఊపిరాడలేదు. మునుపు ఆ గదిలో కూర్చుంటే ఎవరో నన్ను పెట్టారన్న కోపమన్నా తోడుండేది. ఇప్పుడు నన్ను పెట్టినవాణ్ణి నేనే. కోపగించుకోవడానికి ఎవరూ లేరు. మిషన్ ఆపి, తువ్వాలు విప్పి, మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లతో మామూలుగా ఆ మాట చెప్పబోయి ఆగిపోయేవాణ్ణి. అది పోయాక నా గురించి చెప్పుకోవడానికి ఇంకో మాట లేదని తెలిసింది. అసలు టీచరు కావాలని నాకు ఎప్పుడైనా నిజంగా ఉందా అని కూడా అనుమానం వచ్చింది. పక్కింటి పిల్లలు లెక్క చెప్పమని పుస్తకం పట్టుకొస్తే "పనుంది పోండి" అని తరిమినవాణ్ణి నేను. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడికి ఒక్క ఎక్కం నేర్పలేదు. నాకు కావలసింది టీచరు పని కాదు, నన్ను చూసి నవ్వినవాళ్ల ముందు తల ఎత్తుకోవడం. అది కూడా ముప్పై ఏళ్ల కింద. వాళ్లెవరికీ నేను గుర్తుండి కూడా ఉండను.

నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంకో పని రాదు. ఉన్న పని పోతోంది. తప్పు నాన్న మీద వేయడానికీ లేదు. అప్పుడు నిజంగా ఇరుకంటే ఏమిటో తెలిసింది.

ఎవరికన్నా చెప్పాలని ఉండేది. ఎవరికి చెప్పినా అది నాన్నకి చెప్పినట్టే అవుతుంది. అందుకని రోజూ అన్నం తిని, కొట్టు తెరిచి, కొట్టు మూసి, నోరు మూసుకున్నాను.

వానలు మొదలయ్యాక మా అమ్మాయి చెప్పాపెట్టకుండా ఒంగోలు నుంచి వచ్చేసింది. జ్వరమంది. మూడు రోజులకి జ్వరం తగ్గింది కానీ తిరిగి వెళ్లే మాట ఎత్తదు. పిల్లలకి పాఠాలు చెప్పి చూపించే ప్రాక్టీసు ఆ వారమే ఉందని దాని స్నేహితురాలు ఫోన్‌లో చెప్పింది. నాకు కోపం వచ్చింది. అది పెరట్లో మిరప నారుకి మడులు తడుపుతుంటే వెళ్లి నిలదీశాను. ఇంటి వాడకానికి నాలుగు మడులు మేమే వేసుకుంటాం.

"ఏంటి నీ ఉద్దేశం? నీకోసం మేం ఇక్కడ ఎలా..."

అది చెంబు కింద పెట్టి ఏడ్చింది. "నేను పోను నాన్నా. పిల్లల ముందు నిలబడితే నాకు మాట రాదు. పోయిన వారం మా క్లాసులోనే బోర్డు మీద తప్పు రాస్తే అంతా నవ్వారు. రోజూ పొద్దున లేవగానే వాంతి వచ్చేట్టు ఉంటోంది."

బస్టాండు బెంచీ మీద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను నేను చూసినట్టయింది.

"మొదటే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు కాలేకపోయావుగా. నేనన్నా అవ్వాలని రోజూ అంటావుగా. ఎలా చెప్పను?"

దాన్ని ఆ గదిలోకి తోసింది నేను. నన్నెవరూ తోయలేదు, దాన్ని మాత్రం నేను తోశాను. అది పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ అడగని మాట అడిగాను. "నీకు ఏం చేయాలనుంది?"

అది కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది, నిజంగా అడుగుతున్నానా లేదా అన్నట్టు. "ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది నాన్నా. రక్త పరీక్షలూ అవీ. అక్కడ పదిమందితో మాట్లాడక్కర్లేదు. చూసింది సరిగ్గా రాస్తే చాలు. నేను సరిగ్గా రాస్తాను."

"సరే, అదే చేద్దువుగాని" అన్నాను. ఆ వెంటనే ఇంకోటి కూడా నోటి వెంట వచ్చేసింది. "నేనూ బోర్డు ముందు నిలబడలేకే మానేశానమ్మా. మీ తాత మానిపించలేదు. మానొద్దని కాలేజీ చుట్టూ తిరిగాడు."

అది కింద పెట్టిన చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మరి తాత ఎప్పుడూ ఏమీ అనలేదే?"

"అనలేదు."

"నువ్వు తాతతో మాట్లాడావా దీని గురించి?"

"ఏం మాట్లాడను?"

"నాకు చెప్పింది తాతకి చెప్పు" అంది. పందొమ్మిదేళ్ల పిల్ల. అంతకంటే ఏం చెప్పలేదు.

ఇంకో రెండు రోజులు తప్పించుకున్నాను. మూడో రోజు సాయంత్రం అసర్ నమాజు నుంచి వచ్చి నాన్న బల్ల మీద కూర్చున్నాడు. నేను మిషన్ ఆపి బయటికొచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన పక్కన అలా కూర్చుని ఎన్నేళ్లయిందో. ఏదో జరిగిందని ఆయనకి అర్థమైంది.

"ఏంట్రా?"

"ఆ రోజు మాస్టారు చెప్పాడు నాన్నా. నువ్వు కాలేజీకి వెళ్లింది."

ఆయన చేతిలోని దూది ఏరడం ఆపలేదు. "చెప్పాడా. నీకు చెప్పొద్దని ఆయనతో అందామనుకున్నా గానీ, ఎలా చెప్పాలో తెలీక లోపలికి పోయా."

"ఎందుకు ఊరుకున్నావు ఇన్నాళ్లూ? ఊరంతా నీ గురించి చెప్పుకుంటూ తిరిగాను. ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే ఏమయ్యేదిరా? నలుగురిలో నీ మొహం ఎక్కడ పెట్టుకునేవాడివి?"

"నీకు కోపం రాలేదా?"

"రాకేం. వచ్చింది. నీ పెళ్లిచూపుల్లో అన్నావే, ఆ పెద్దమనుషుల మధ్య, అప్పుడు వచ్చింది. లేచి పోదామనుకున్నా." దగ్గు వచ్చి ఆగాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు, "మీ అమ్మ విషయమే కష్టమయింది. నేనే మానిపించాననుకుంది అది. ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, పోయేదాకా మనసులో అలాగే ఉంది. ఆఖర్న ఆసుపత్రిలో కూడా అంది, 'వాణ్ణి చదివించి ఉంటే బాగుండేది గదయ్యా' అని."

"చెప్పకపోయావా నాన్నా అమ్మకన్నా!"

"నమ్మేదేంట్రా? నువ్వు దాని ముద్దుల కొడుకువి." ఏరిన చెత్త ఒడిలోంచి దులుపుకున్నాడు. "నువ్వే చెబుతావులే ఎప్పుడో అప్పుడు అనుకున్నా. ఈలోగా అది పోయింది."

నేను ఏడ్చాను. రోడ్డు మీద మనుషులు పోతున్నారు, ఆటోలు పోతున్నాయి, నాకేం పట్టలేదు. ఆయన నన్ను ఓదార్చలేదు. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. అడిగితే ఏం అనేవాడో నాకు తెలియదు. కాసేపయ్యాక "లే, ఎవరో వస్తున్నారు" అన్నాడు.

మా ఆవిడకి ఆ రాత్రే చెప్పాను. అది నాన్న కంటే కటువుగా మాట్లాడింది. "ఇరవై రెండేళ్లు మావయ్యకి అన్నం పెట్టాను నేను. పెట్టిన ప్రతిసారీ లోపల అనుకునేదాన్ని, ఈ ముసలాయన వల్లే గదా మా బతుకిట్లా ఉంది అని. ఒక్కోరోజు కూర కూడా తగ్గించి వేశాను. ఆ పాపం నాకెందుకు అంటగట్టారు?" నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన కంచంలో చేప ముక్క పెద్దది పడటం చూశాను.

అమ్మాయిని ఆ కోర్సు మాన్పించి ల్యాబ్ కోర్సులో చేర్చడానికి ఒంగోలు వెళ్లాం. ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట అది నా వైపు చూసింది. మునుపైతే "వ్యాపారం అని రాయి" అనేవాణ్ణి. "పరుపులు కుట్టడం అని రాయమ్మా" అన్నాను. గొప్పగా ఏం అనలేదు, అది నిజం కాబట్టి అన్నాను. తిరుగు బస్సులో పక్కాయన ఏం చేస్తారండీ అని అడిగితే చెప్పి ఊరుకున్నాను. ఆయన అయ్యో అనలేదు. "మా ఇంట్లో రెండు పరుపులున్నాయి, చూడాలి" అన్నాడు.

నేను ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాను. రేకులు అవే, వేడి అదే. తలుపు ఇప్పటికీ మూసే ఉంచాలి. వేరే దారేదైనా దొరికిందా అంటే లేదు. చీరాల్లో మా బావమరిదికి ఫోన్ చేశాను కూడా. ఆ పనికి ఎప్పుడో మనిషి దొరికాడన్నాడు. కొన్ని సాయంత్రాలు మిషన్ ఆపాక గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటుంది, లేచి బయటికొచ్చి నిలబడతాను. అమ్మ గుర్తొస్తే ఆ రోజు ఇక పని సాగదు.

కానీ ఒకటి మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని నేర్చుకోవడం. నాన్న కుట్టిన పరుపు పదేళ్లు ఎందుకు నిలిచేదో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను. మొదట నవ్వాడు. "ఇప్పుడా?" అన్నాడు. తర్వాత చూపించాడు. పాత దూది ఒక్కసారి ఏకితే పైపైన విచ్చుకుంటుంది గానీ లోపల గడ్డ అలాగే ఉంటుందట. రెండోసారి వేయాలి, గట్టి గడ్డకి మూడోసారి కూడా. నింపేటప్పుడు నడుము దగ్గర ఒక పొర ఎక్కువ వేసి, చేత్తో కాక మోచేత్తో నొక్కి చూడాలట. నేను ఎప్పుడూ ఒక్కసారితో సరిపెట్టినవాణ్ణి. త్వరగా అవగొట్టి ఆ గదిలోంచి బయటపడాలని తొందర.

మాస్టారు పంపగా ఈమధ్య నడుము నొప్పివాళ్లూ, మంచం పట్టినవాళ్ల తాలూకు మనుషులూ వస్తున్నారు. ఎక్కువమంది కాదు. వాళ్ల ఇంటికెళ్లి మనిషిని చూసి, ఎంత బరువు, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు అని అడిగి కుడుతున్నాను. కనిగిరి రోడ్డులో ఒకావిడ ఏడాదిగా మంచం మీద ఉంది. ఆమె కోసం కుట్టిన పరుపు మీద పడుకోబెట్టాక "అమ్మయ్య" అంది. దబ్బనం గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను.

ఈ చలికాలం నాన్న బల్ల దాకా రాలేకపోతున్నాడు. ఆయాసం. వెనక ఇంట్లో మంచం మీదే ఉంటున్నాడు. ఏకిన దూది గుప్పెడు పట్టుకెళ్లి ఆయన అరచేతిలో పెడతాను. కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. నిన్న పెడితే చాలాసేపు నలిపి, "లోపల ఇంకా ఉందిరా గడ్డ" అన్నాడు. నాకైతే తెలియలేదు. తెచ్చి మళ్లీ మిషన్‌లో వేశాను.